చంకన తమ్ముడు, బడి బయట అక్క

మా బడి హాజరు పట్టీ చూస్తే ఊళ్లో ఏ పని నడుస్తున్నదో చెప్పొచ్చు. దసరా దాటి పత్తి తీత మొదలైతే మూడు, నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లల పేర్ల ఎదుట గైర్హాజరు గుర్తులు పడతాయి. సంక్రాంతి తర్వాత మిరపకాయ ఏరడం మొదలైతే అవి ఇంకా పెరుగుతాయి. ఫిబ్రవరిలో చెరువు పని, కందకాల పని తోడైతే కొన్ని పేర్ల ఎదుట నెల పొడవునా అవే గుర్తులు. మగపిల్లల వరుసలో ఇన్ని ఉండవు.

తనిఖీకి వచ్చినవాళ్లు కారణం అడుగుతారు. ఫారంలో 'ఇంటి పని' అనో, 'తల్లిదండ్రుల అశ్రద్ధ' అనో రాయమంటారు. ఆ గూడేల్లోనే పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి అసలు సంగతి మాకు తెలుసు. తల్లి కూలికి పోయింది. ఏడాదిన్నర తమ్ముడు ఇంట్లో ఉన్నాడు. వాణ్ని ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. ఎనిమిదేళ్ల అక్క ఎత్తుకుంది. దీన్ని రాయడానికి ఫారంలో గడి లేదు.

మేము భద్రాచలం చుట్టుపక్కల గోదావరి ఒడ్డు మండలాల్లో పనిచేస్తున్న కోయ ఉపాధ్యాయినులం. డి.ఎడ్. చేసి, 2000 సంవత్సరంలో వచ్చిన జీవో నెంబరు 3 వల్ల మన ఊళ్ల బడుల్లోనే ఉద్యోగాల్లో చేరాం. ఆ జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాని గురించి ఇక్కడ ఎత్తుకోం. చెప్పదలచుకున్నది ఒక్క విషయం. పని జరిగే చోట చంటిపిల్లలను చూసుకునే ఏర్పాటును క్రెష్ అంటారు. పట్నంలో అది ఆఫీసు ఉద్యోగినులకు ఒక సౌకర్యం. మన దగ్గర అది ఆడపిల్లల చదువు. తల్లి పనిచేసే చోట క్రెష్ లేకపోతే, ఆ పని మన బడిలోని ఒక పిల్ల మీద పడుతుంది.

మన పెద్దలు చంటిపిల్లలను ఎలా పెంచారో గుర్తు చేసుకుందాం. పోడు చేనికి పోయినా, ఇప్పపువ్వు ఏరడానికి పోయినా తల్లి బిడ్డను గుడ్డతో కట్టుకుని పోయేది. గట్టు మీద చెట్టుకు చీర ఉయ్యాల కట్టేది. చేను ఆమెదే, పని ఆమెదే. బిడ్డ ఏడిస్తే పని ఆపి పాలిచ్చేది, ఎందుకు ఆపావని అడిగేవాళ్లు లేరు. ఇంటి దగ్గర ముసలవ్వ ఉండేది. ఇప్పుడు పని మారింది. తెల్లవారకముందే ట్రాలీ ఆటో వస్తుంది. ముఠా మేస్త్రి పేర్లు పిలుస్తాడు. బిడ్డను ఎక్కిస్తే ఒక కూలి మనిషి చోటు పోతుందని సణుగుతాడు. ముసలవ్వ కూడా అదే ఆటోలో ఉంటుంది, ఆమెకూ కూలి కావాలి. ఇంట్లో మిగిలేది బడికి పోవాల్సిన పిల్ల ఒక్కతే.

బిడ్డను చేనికి తీసుకుపోయినా సుఖం లేదు. మిరప చేలో ఎండు ఘాటుకు పెద్దవాళ్లకే తుమ్ములు ఆగవు. కొట్టిన మందు వాసన మొక్కల మీదే ఉంటుంది. రోజంతా కాయలు ఏరిన చేతులు రాత్రి దాకా మండుతాయి. ఆ చేతులతో బిడ్డను ఎత్తుకుని పాలిస్తే బిడ్డ కళ్లు, మూతి మండి ఏడుస్తుంది. పాల కోసం ఏడుస్తున్నదో, మంటకు ఏడుస్తున్నదో తల్లికి తెలియదు. అందుకే చాలామంది తల్లులు బిడ్డను ఇంటి దగ్గర వదలడమే మేలనుకుంటారు. వాళ్లను అశ్రద్ధ చేశారని అనడానికి మాకు నోరు రాదు.

ఏప్రిల్, మే నెలల్లో తునికాకు సీజను వస్తుంది. బడికి సెలవులు కాబట్టి అది హాజరు పట్టీలో కనపడదు. తల్లి చీకటితో అడవికి పోయి ఆకు తెస్తుంది. యాభై ఆకులకు ఒక కట్ట. మధ్యాహ్నం దాకా తమ్ముణ్ని ఎత్తుకున్న పిల్లే ఆ తర్వాత కట్టలు కట్టడానికి కూర్చుంటుంది. కల్లంలో కట్టల లెక్క రాస్తారు. తమ్ముణ్ని మోసిన లెక్క ఎక్కడా ఉండదు. బాలకార్మిక చట్టం కింద కూడా ఆమె కార్మికురాలు కాదు. 1986 చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించింది. బడి వేళల తర్వాత, సెలవుల్లో కుటుంబానికి సాయం చేయడాన్ని మాత్రం వదిలేసింది. తమ్ముణ్ని ఎత్తుకోవడాన్ని ఎవరూ పనిగానే చూడరు. అది బడి వేళల్లోనే జరుగుతున్నదని మాత్రం మేము రోజూ చూస్తున్నాం.

క్రెష్ అనే మాట పట్నం మాటలా వినిపిస్తుంది గానీ, మన దేశంలో అది చట్టాల్లోకి వచ్చింది ముఖ్యంగా కూలి చేసే ఆడవాళ్ల కోసం. 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్ ప్రకారం ఆడ కార్మికులు ఉన్న ఫ్యాక్టరీలో ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాల్సి ఉండేది. మొదట యాభై మందికి పైగా ఆడవాళ్లు ఉంటేనే అన్నారు, 1976లో ముప్పై మందికి పైగా అని మార్చారు. 1951లో తోటల కార్మికుల చట్టం తేయాకు, కాఫీ తోటలకు అదే చెప్పింది. అస్సాం తేయాకు తోటలకు తరలిపోయిన కూలీల్లో పెద్ద భాగం మధ్య భారతపు ఆదివాసీలే కాబట్టి అది మనవాళ్ల చట్టం కూడా. 1996లో భవన నిర్మాణ కార్మికులకు చట్టం వచ్చింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని రాశారు. 2020 సామాజిక భద్రత కోడ్‌లో కూడా ఆ యాభై లెక్కే పెట్టారు.

ఈ చట్టాలన్నిటిలో ఒక పోలిక ఉంది. ఒకే యజమాని, ఒకే చోటు, ఇంతమంది మనుషులు అని లెక్క కడతాయి. మన ఆడవాళ్లు ఈ వారం ఒక రైతు చేలో, వచ్చే వారం ఇంకో రైతు చేలో ఉంటారు. ఏ రైతు దగ్గరా యాభై మంది జీతగాళ్లు లేరు. ఊరంతా కలిపితే మూడు వందల మంది కూలి ఆడవాళ్లున్నా చట్టం లెక్కలోకి ఒక్కరూ రారు.

క్రెష్ పుట్టుక గురించి మన యువతకు తెలియాల్సిన కథ ఒకటి ఉంది. 1969లో ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి కోసం నిర్మాణాలు జరుగుతున్నాయి. ఆ పని దగ్గర కూలి ఆడవాళ్ల పిల్లలు దుమ్ములో, రాళ్ల మధ్య పడి ఉండడం మీరా మహదేవన్ చూసి, అక్కడే పిల్లల కోసం ఏర్పాటు మొదలుపెట్టారు. అదే తర్వాత మొబైల్ క్రెషెస్ అనే సంస్థ అయింది. పేరులోనే అర్థం ఉంది. పని ఎక్కడికి కదిలితే క్రెష్ కూడా అక్కడికి కదలాలి. చెరువు గట్టు నుంచి పత్తి చేనికి, పత్తి చేను నుంచి మిరప చేనికి తిరిగే మన తల్లులకు కావలసింది అలాంటిదే.

రాజ్యాంగంలోకి కూడా ఒకసారి చూద్దాం. 2002లో 86వ సవరణ జరిగింది. దాని వల్ల ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు 21ఏ కింద ప్రాథమిక హక్కు అయింది. ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణ, విద్య 45వ అధికరణంలోకి వెళ్లాయి. రాజ్యం వాటి కోసం ప్రయత్నం చేయాలని అక్కడ రాసి ఉంది. అంటే ఎనిమిదేళ్ల అక్కకు హక్కు ఉంది, ఏడాదిన్నర తమ్ముడికి ప్రయత్నం మాత్రమే ఉంది. మనం డి.ఎడ్.లో ఈ రెంటినీ వేరువేరు పాఠాలుగా చదివాం. గూడెంలో అవి వేరు కావు. తమ్ముణ్ని చూసే దిక్కు లేకపోతే అక్క హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.

అంగన్‌వాడీ ఉంది కదా అని మీరు అడగొచ్చు. ఉంది, అది లేకపోతే మన పిల్లల గతి ఇంకా పాడయ్యేది. కానీ అంగన్‌వాడీ బడి నడిచేది మూడేళ్లు నిండినవాళ్లకు. అంతకన్నా చిన్నవాళ్లకు బాలామృతం ఇంటికి ఇస్తారు. ఆ పొడిని కలిపి తినిపించే మనిషి ఇంట్లో ఉండాలి కదా. తల్లి తెల్లవారకముందు పోయి పొద్దుగూకి వస్తుంది. అంగన్‌వాడీ తలుపు తీసేసరికి ఆమె చేలో ఉంటుంది, మూసేసరికి ఇంకా చేలోనే ఉంటుంది. కొన్ని గుంపులకు అంగన్‌వాడీ ఒక వాగు అవతల ఉంటుంది. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా, బిడ్డ పాకే వయసు, నడిచే వయసు, మాటలు నేర్చే వయసు అంతా అక్క చంకన గడిచిపోతుంది.

ఉద్యోగస్తులమైన మా సంగతి కూడా చెప్పాలి. మా బడుల్లో ఇద్దరమో, ఒక్కరమో ఉంటాం. యాభై మంది లెక్క మాకూ అందదు. ప్రసూతి సెలవు అయిపోయాక బిడ్డతో బడికి వచ్చిన వాళ్లం మాలో చాలామందిమి ఉన్నాం. రెండు తరగతుల మధ్య గుమ్మంలో గుడ్డ పరిచి బిడ్డను పడుకోబెట్టి ఎక్కాలు చెప్పాం. మా అమ్మలు కూలి మానుకుని వచ్చి మనవళ్లను చూసుకున్నారు. జీతం వచ్చే ఇంట్లో అది కుదిరింది. పట్నాల్లో కొన్ని ఉద్యోగస్తుల ఇళ్లలో ఇంకో పద్ధతి నడిచింది. చంటిపిల్లను ఎత్తుకోవడానికి మన గూడేల నుంచి పదేళ్ల, పన్నెండేళ్ల ఆడపిల్లలను తీసుకుపోయారు. తిండి పెడతాం, బట్టలు ఇస్తాం, చదివిస్తాం అని చెప్పారు. తిండి పెట్టారు, బట్టలు ఇచ్చారు. చదివించినవాళ్లు తక్కువ. ఆఫీసులో క్రెష్ లేకపోయినా చివరికి బడి మానింది మన పిల్లే.

ఇక మేము చూసిన ఒక ప్రయత్నం గురించి.

2005 ఉపాధి హామీ చట్టం షెడ్యూలులో పని దగ్గర నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. దాంతోపాటు ఇంకో మాట కూడా రాశారు. పనికి వచ్చిన ఆడవాళ్లతో ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే, ఆ ఆడవాళ్లలో ఒకరిని పిల్లలను చూసుకోవడానికి పెట్టాలి, ఆమెకూ కూలి ఇవ్వాలి. యాభై మంది కాదు, ముప్పై మంది కాదు, ఐదుగురు పిల్లలు. కూలివాళ్ల సంఖ్యతో పని లేకుండా పిల్లల సంఖ్యను బట్టి లెక్క కట్టడం మాకు సరైన పద్ధతి అనిపించింది.

ఒక ఏడాది ఫిబ్రవరిలో మా ఊరికి చెరువు పూడికతీత వచ్చింది. ఆ వారమే మా బడిలో ఐదుగురు ఆడపిల్లలు ఆగిపోయారు. సాయంత్రం ఇళ్లకు వెళ్లి లెక్క రాసుకున్నాం. చెరువు పనికి పోతున్న తల్లులకు ఆరేళ్లలోపు పిల్లలు పదకొండు మంది ఉన్నారు. వాళ్లలో నలుగురు చెరువు గట్టు మీదే ఉంటున్నారు, మిగిలినవాళ్లు అక్కల దగ్గర.

ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడిగాం. అతనూ మన పిల్లవాడే. "టీచరమ్మా, నేనేం చేయను? మస్టర్‌లో పేరు రాస్తే కొలత చూపాలె. పిల్లల్ని ఆడించినదానికి కొలత యాడ పెట్టను?" అన్నాడు. ఆడవాళ్ల బాధ ఇంకోటి. గుంపు మొత్తం తవ్విన మట్టిని కొలిచి కూలి కడతారు, దాన్ని అందరూ పంచుకుంటారు. "ఆమె నీడన కూసుంటే ఆమె కూలి మా మట్టిలకెళ్లే పోతది కదా టీచరమ్మా" అన్నారు. న్యాయమైన మాటే. అందుకే ఆమె కూలి గుంపు కొలతలో కలవకూడదు, విడిగా రావాలి. ఆ సంగతి తేలకుండా క్రెష్ పెడితే తల్లులే ఒకరి మీద ఒకరు కోపం పెంచుకుంటారు.

గ్రామసభలో ఆ షెడ్యూలు మాటలను తెలుగులో చదివి, కోయలో చెప్పాం. తెలుగులో చదివినప్పుడు అందరూ తల ఊపారు. కోయలో చెప్పినప్పుడు ప్రశ్నలు వచ్చాయి. కూలి ఎంత, ఎవరు ఇస్తారు, ఎవరిని పెట్టాలి, బిడ్డకు దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత అని అడిగారు. తీర్మానం రాసి సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. మండల కార్యాలయంలో రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి వెళ్లినప్పుడు ఒక అధికారి ఆ పేజీ తానే చదివి, విడిగా రాయమని చెప్పారు.

మనిషిని ఎంచుకోవడం దగ్గర మంచి చర్చ జరిగింది. మట్టి మోయలేని ఒక ముసలావిడను పెడదామని మేట్ అన్నాడు. తల్లులు ఒప్పుకోలేదు. "తట్ట మోయలేని మనిషి పదకొండు మంది పిల్లగాళ్ల ఎనక ఉరుకుతదా?" అని ఒకామె అడిగింది. పిల్లలను చూడడం పని చేతగానివాళ్లకు ఇచ్చే పని కాదని వాళ్లు ఆ ఒక్క మాటతో చెప్పేశారు. చివరికి ముగ్గురు పిల్లల తల్లిని, మంచి ఓపిక ఉన్న మనిషిని ఎంచుకున్నారు.

చెరువు గట్టుకు దూరంగా ఇప్పచెట్టు కింద తాటాకు పందిరి వేశారు. రెండు చీర ఉయ్యాలలు కట్టారు. మూత ఉన్న కుండ, గంటె, రెండు చాపలు తెచ్చారు. నడక వచ్చిన పిల్లల కాళ్లకు ఆమె గజ్జెలు కట్టింది. నీళ్ల వైపు ఎవరైనా పోతే చప్పుడు వినపడాలని. తల్లులు పొద్దున ఒకసారి, ఎండ ఎక్కాక ఒకసారి వచ్చి చేతులు కడుక్కుని పాలిచ్చి పోయేవాళ్లు. ఇళ్ల నుంచి జొన్న జావ తెచ్చేవాళ్లు. అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడితే మూడేళ్లు దాటినవాళ్లను పొద్దున్నే అటు తీసుకుపోవడానికి ఒప్పుకున్నారు. అలా పందిరి కింద ఏడుగురు మిగిలారు.

పది రోజుల్లో ఐదుగురు ఆడపిల్లల్లో ముగ్గురు బడికి వచ్చారు. ఇద్దరు రాలేదు. వాళ్ల తల్లులు అప్పటికే చెరువు పని వదిలి మిరప చేలకు పోతున్నారు. ఉపాధి డబ్బులు బ్యాంకులో పడటానికి వారాలు పట్టేది, మిరప కూలి ఏ రోజుకారోజు చేతికి వచ్చేది. బియ్యం కొనాల్సిన ఇంట్లో ఈ తేడా పెద్దది. కూలి ఆలస్యమైతే క్రెష్ ఉన్న పని దగ్గర తల్లి నిలవదని మాకు అప్పుడు అర్థమైంది.

మరుసటి ఏడాది ఇంకో చిక్కు వచ్చింది. పనిని మూడు చోట్ల పంచారు. ఒక్కో చోట నలుగురు పిల్లలు, ముగ్గురు పిల్లలు ఉన్నారు. ఎక్కడా ఐదుగురు లేరు కాబట్టి ఎవరినీ పెట్టలేదు. మొత్తం కలిపితే పది మంది. ఎవరూ చట్టం తప్పలేదు, కానీ పిల్లలు మళ్లీ అక్కల చంకకు చేరారు. అందుకే పనులు గుర్తించే గ్రామసభలోనే పిల్లల సంగతి ఎత్తాలి. చంటిపిల్లల తల్లులకు ఊరికి దగ్గరగా, ఒకే చోట పని ఇవ్వమని తీర్మానంలో రాయించాలి. పని మొదలయ్యాక అడిగితే ఆలస్యమవుతుంది.

మిరప చేల దగ్గర చట్టం లేదు. అయినా అక్కడ మన ఆడవాళ్ల చేతిలో ఒక బలం ఉంది. కాయ పండిన రోజుల్లో రైతుకు కూలీలు దొరకరు. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చినవాళ్లు ఏరుతున్నా చాలదు. ఒక ముఠా ఆడవాళ్లు మేస్త్రికి తెగేసి చెప్పారు. పందిరి, నీళ్లు, పిల్లలను చూసే ఒక మనిషి కూలి ఇచ్చే రైతు చేనికే ముందు వస్తామన్నారు. మొదట ఒక రైతు, "కూలి ఇస్తున్నాం కదా, మీ పిల్లల్ని కూడా మేమే సాకాలా?" అన్నాడు. ఇంకో రైతు ఒప్పుకున్నాడు. ఆ వారం ఆ చేను ముందు అయిపోయింది. తర్వాత మొదటాయన కూడా టార్పాలిన్ కట్టించాడు. ఇది అన్ని ఊళ్లలో జరిగిందని చెప్పడం లేదు. ఆ ముఠా కూడా అన్ని ఏళ్లూ నిలబెట్టుకోలేకపోయింది, ధర పడిపోయిన ఏడాది రైతులు కూలీలనే తగ్గించారు. కానీ అడిగితే దొరికే కాలం ఒకటి ఉందని, అది కాయ ఎర్రబడిన మొదటి రెండు వారాలని అందరికీ తెలిసింది.

అప్పట్లో బడికి రాని ఇద్దరిలో ఒకామెకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. పెద్దది మా బడిలోనే రెండో తరగతి. తల్లి ఐదో తరగతి దాటలేదు. తిరిగి వచ్చిన ముగ్గురిలో ఇద్దరు ఆశ్రమ పాఠశాలకు పోయి పదో తరగతి పాసయ్యారు. వాళ్లలో తెలివిలో తేడా ఏమీ లేదని, ముగ్గురికీ నలుగురికీ ఒకే బల్ల మీద అక్షరాలు దిద్దించిన మేము చెప్పగలం. ఒకరి తల్లి పనిచేసిన చోట పందిరి ఉంది, ఇంకొకరి తల్లి పనిచేసిన చోట లేదు.

పందిరి వేస్తే చాలదని కూడా చెప్పాలి. పిల్లలను ఎండ నుంచి కాపాడటం మొదటి పని మాత్రమే. చిన్న కడుపు ఒక్కసారి ఎక్కువ పట్టదు, అందుకే రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. జావ, పప్పు, గుడ్డు, కాస్త నూనె కలిపిన మెత్తని అన్నం ఉంటే మంచిది. చింతగింజలు, గవ్వలు మూడేళ్లలోపు వాళ్ల చేతికి ఇవ్వకూడదు, గొంతులో పడతాయి. మట్టి బొమ్మలు, ఖాళీ డబ్బాలు, గుడ్డ బంతి చాలు. నీళ్లు, నిప్పు, మందు డబ్బాలు కనుచూపు దూరంలో ఉండకూడదు. మందు కొట్టిన రోజు ఆ చేను దగ్గర పిల్లలే ఉండకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం, చూసే మనిషి పిల్లల భాష మాట్లాడాలి. ఆ పందిరి కింద ఆమె కోయలో మాట్లాడేది, పాడేది, పిట్టను చూపించి పేరు అడిగేది, పిల్ల చెప్పిన మాటకు ఇంకో మాట కలిపేది. ఎనిమిదేళ్ల అక్క తమ్ముణ్ని ప్రేమగానే మోస్తుంది, కానీ ఆమే పసిపిల్ల, అంత మాట్లాడించే ఓపిక ఎక్కడిది? ఆ పందిరి కింద పెరిగిన పిల్లలు ఒకటో తరగతికి వచ్చినప్పుడు నోరు విప్పారు. తెలుగు రాకపోయినా కోయలో కథ చెప్పారు. సొంత భాషలో మాటలున్న పిల్లకు తెలుగు నేర్పడం తేలిక. ఏ భాషలోనూ మాట్లాడించనివాళ్లు లేని పిల్లకు నేర్పడం చాలా కష్టం. ఉపాధ్యాయులుగా ఇది మనకు నేరుగా అందే లాభం.

ఇలాంటివి ఎక్కడా లేవని నిరాశపడనక్కర్లేదు. మన పక్కనే ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్ దగ్గర గనియారి కేంద్రంగా పనిచేసే జన్ స్వాస్థ్య సహయోగ్ అనే వైద్యుల సంస్థ ఆదివాసీ ఊళ్లలో ఫుల్వారీలు నడిపింది. ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లలను ఆ ఊరి ఆడవాళ్లే చూస్తారు, అక్కడే వండి పెడతారు. పేరుకు పూలతోట, పనికి క్రెష్. కేంద్ర ప్రభుత్వం కూడా 2022 నుంచి మిషన్ శక్తిలో పాల్నా పేరుతో అంగన్‌వాడీలకు అనుబంధంగా క్రెష్‌లు పెట్టే పథకం తెచ్చింది. అవి మండల కేంద్రాల్లో, పట్నాల్లో ఆగిపోకుండా మన గూడేల దాకా రావాలంటే మనం అడగాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభకు 1996 పెసా చట్టం ఇచ్చిన గొంతు ఉంది. మన భూమికి, ఇసుకకు, తునికాకుకు ఆ గొంతు వాడుతున్నాం. పిల్లలకు కూడా వాడదాం.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. గైర్హాజరు రాసేటప్పుడు 'అశ్రద్ధ' అని రాయకండి. రిమార్కులో 'తల్లి కూలికి వెళ్లింది, తమ్ముణ్ని చూసుకుంటోంది' అని ఉన్నది ఉన్నట్టు రాయండి. పై అధికారి ఒకటికి పదిసార్లు అదే మాట చదివితే అది లెక్కలోకి వస్తుంది. తమ్ముణ్ని తీసుకుని బడికి వచ్చిన పిల్లను వెనక్కి పంపకండి. ఒక మూల చాప వేయండి. అది పరిష్కారం కాదు, కానీ ఆ రోజు పాఠం ఆమెకు దక్కుతుంది.

యువతీ యువకులకు ఇంకో మాట. డిగ్రీలు చదివి ఊళ్లో ఉన్నవాళ్లు మీరు. చట్టం పేరు మారినా, పథకం పేరు మారినా కొత్త కాగితం తెచ్చి పిల్లల గురించి అందులో ఏం రాశారో వెతకండి. దాన్ని మన భాషలో చెప్పండి. మేస్త్రితో, మేట్‌తో మాట్లాడటం తల్లులకన్నా మీకు తేలిక. మగపిల్లలు కూడా తమ్ముణ్ని, చెల్లెను ఎత్తుకోవాలి, అది నేర్పండి. కానీ అక్క బదులు అన్న బడి మానితే మనం గెలిచినట్టు కాదు.

ఈ ఏడు పత్తి తీత మొదలయ్యేలోపు మీ గూడెంలో ఆరేళ్లలోపు పిల్లల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ప్రతి పేరు పక్కన, తల్లి పనికి పోయినప్పుడు ఆ బిడ్డను చూసుకునేది ఎవరో రాయండి. ఆ రెండో వరుసలో బడి ఈడు పిల్ల పేరు ఒక్కటి కనపడినా, ఆ కాగితాన్నే గ్రామసభకు తీసుకుపోండి.